బట్టల పద్దు

పర్లాకిమిడి. కొమ్ముబొమ్మలు చేసేవాళ్ళ సందు.
ముసురులో గొడుగు కింద తాటాకుల కట్ట దాచుకుని
కూర్మనాథం మాస్టారొచ్చారు.
నూటెనిమిది పద్యాలు, తెలుగు మాట, ఒడియా రాత.
కవి పేరున్న ఆకు మాత్రం చెదలకి పోయింది.

"ఎనిమిదేసి పద్యాలకొక మొదటి అక్షరం ఏరమ్మా,
మా ముత్తాత విరూపాక్షుడు లేచి నిలబడతాడు."
ఏరాను. పదమూడొచ్చాయి.
వి, రూ, పా, ఆ పైన కు.
"క్ష రాయబోయి కు రాశాడు లేఖకుడు" అన్నారు
చెప్పులో రాయి దులిపేసినంత తేలిగ్గా.
మరి తక్కిన తొమ్మిదీ?
"బిరుదులు."
ఆ రాతలో వ కీ బ కీ ఒకటే గుండ్రమని
నేను చెప్పలేదు. టీ చల్లారిపోతోంది.

మర్నాడు గౌరహరి పట్నాయక్ గారు, కటపయాదితో.
పద్యాలూ పాదాలూ కూడి, తీసి, హెచ్చవేసి
మూడు ఎనిమిది తొమ్మిది రెండు దగ్గర ఆగారు.
గ, ద, ధ, ర. వాళ్ళ గదాధరుడు!
మూడంటే గ ఒక్కటేనా, ల కూడా, బ కూడా;
ఆ సంచిలో ఊరందరూ పడతారు.
ఇంకొంచెం కూడితే నేనూ పడేదాన్ని.

రాత్రి కరెంటు పోయింది.
కొవ్వొత్తి దగ్గర జోగులుకి వేసిన బట్టల పద్దు చూశాను:
గలీబులు నాలుగు
దుప్పటి ఒకటి
ధోవతులు రెండు
రవికె ఒకటి.
నా చేతిరాతే. రాసింది మాత్రం గదాధరుడు.
ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను.

తర్వాత నలభై ఒకటో పద్యం తిరగరాస్తున్నాను.
చంటిబిడ్డ లేవకుండా
గాజులు మోచేతి దాకా తోసుకుని
చోళ్ళు విసరడం ఎలాగో ఉంది అందులో.
కలం ఆగింది.
ఇది మగాడికెలా తెలుసు?
అమ్మా, దొరికావు, అనుకున్నాను.
అనుకుని, కాసేపటికి సిగ్గేసింది.
వాళ్ళు అక్షరాలేరారు, నేను గాజులేరుతున్నాను.
గోడవతల పడుకుని రోజూ ఆ చప్పుడు
ఆగడం విన్న మగాడెవడో ఉండొచ్చుగా.

శనివారం ఇద్దరూ ఒకేసారి వచ్చారు.
మాటల్లేవు. ఆ పద్యం నేను చదవబోతే
ఇద్దరికీ నోటికొచ్చు.
ఒకరు వ అన్నచోట ఒకరు బ అంటూ
చివరిదాకా చదివి, కిటికీలోంచి వాన చూశారు.

పేరు చోట చెద తిన్నంత మేర ఖాళీ ఉంచాను.
ఇద్దరికీ కోపమే.

సాయంత్రం జోగులు మూట దించాడు.
గలీబులు, దుప్పటి, ధోవతులు సరిపోయాయి.
రవికె రాలేదు.