చివరి మడి

డబ్బు వచ్చింది.
మార్చి ఇరవై తొమ్మిది, సాయంత్రం నాలుగూ నలభై.
టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకుంటుంటే
కంప్యూటర్ తెర మీద ఒక అంకె వెలిగింది.
రెండో ఏడాది వాయిదా.
పోయిన జూన్‌లో రావలసింది.

ఇంకా రెండు రోజులు. అందులో ఒకటి ఆదివారం.
ముప్పయ్యొకటి రాత్రికి ఖర్చవని రూపాయి
వడ్డీతో సహా ఢిల్లీకి తిరుగు ప్రయాణం.
తరమణిలో ఈ అకౌంట్స్ సెక్షన్‌లో
పందొమ్మిదేళ్ళుగా నేను చూస్తున్న తిరునాళ్ళ ఇది.

మా నాన్న పెన్న కాలవ మీద లస్కరు.
తూము చక్రం తిప్పి తిప్పి
అరచేతులు కొబ్బరి పీచయిపోయినవాడు.
"నీళ్ళు వదిలారన్నది ఒక వార్త,
నీళ్ళు అందాయన్నది ఇంకో వార్త,
రెండూ ఒకరోజు రావు" అనేవాడు.
చివరి మడికి తడి చేరేసరికి
నారు పోయి, రైతు చేపల వలకి కూలికి పోయుండేవాడు.

మునిరత్నానికి ఏడు నెలలుగా ఫెలోషిప్ లేదు.
ఆరంబాకం పిల్లాడు. నాతో తెలుగులో, యాళిని మేడంతో తమిళంలో,
కుండీల్లో వరితో ఏ భాషలోనో.
రాత్రి పదకొండు దాకా వేళచ్చేరి మేడల మెట్లెక్కి
ఎవరెవరికో వేడి బిర్యానీ ఇచ్చి,
ఆ తర్వాత గాజు షెడ్డుకొచ్చి
పులికాట్ నుంచి డ్రమ్ముల్లో తెచ్చిన ఉప్పునీళ్ళు
మూడు వందల పన్నెండు కుండీలకి
గ్లాసుతో కొలిచి పోస్తాడు.

వచ్చిన డబ్బులో
పరికరాల పద్దుకి పద్దెనిమిది లక్షలు.
మనుషుల పద్దుకి సున్నా.
ఈ గట్టు తెంచి ఆ మడికి పెట్టే అధికారం
నాకు లేదు, మేడంకీ లేదు,
ఉన్నవాడి ఫోను శనివారం మోగుతూనే ఉంది.

కాబట్టి మిషను కొన్నాం.
మూడు కొటేషన్లు, రెండు అఫిడవిట్లు,
ఒక ప్యూనుని గిండీ దాకా ఆటోలో పరిగెత్తించి.
చెక్క పెట్టె గుమ్మం పట్టలేదు, వరండాలోనే ఉంది.
దాని మీద "ఈ వైపు పైకి" అని బాణం గుర్తు.
నడపాల్సినవాడు ఆ పెట్టె మీదే కూర్చుని
బన్ను టీలో ముంచుకుంటున్నాడు,
అరువు పద్దులో.

ఆదివారం కూడా ఆఫీసు తెరిచాం.
మధ్యాహ్నం పరిగెత్తుకుంటూ వచ్చాడు:
"అక్కా, పొట్టకొచ్చింది!"
ఒక్క క్షణం
ఎవరి పొట్ట అనుకున్నాను.

వెళ్ళి చూశాను.
మూడు వందల ఎనిమిది కుండీల్లో గడ్డి, ఎండు గడ్డి.
నాలుగింటిలో
ఆకుల అంచులు పసుపెక్కినా
మధ్యలో బిడ్డని దాచుకున్నట్టు ఉబ్బిన పచ్చటి కాడ.
వేలు నీళ్ళలో ముంచి నాలిక మీద పెట్టుకున్నాను.
సముద్రమే.
యాళిని మేడం ఏమీ అనలేదు.
చున్నీతో కళ్ళద్దాలు తుడుచుకుంది, రెండుసార్లు,
మూడోసారి కళ్ళద్దాలు కాదు.

ముప్పయ్యొకటి సాయంత్రం వినియోగ పత్రం రాశాను.
"మంజూరైన ప్రయోజనానికే నిధులు
వినియోగించబడినవని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."
పేపర్లు ఎన్ని, పేటెంట్లు ఎన్ని, మిగులు ఎంత
అని గడులు అడిగాయి. నింపాను.
బిర్యానీ ఎన్ని మెట్లెక్కిందో ఏ గడీ అడగలేదు.
నాలుగు కాడల సంగతి కూడా.

సంతకం పక్కన, మార్జిన్‌లో,
పెన్సిల్‌తో చిన్నగా రాశాను: 4.
ఆడిటర్ వస్తే ఇదేమిటమ్మా అంటాడు.
రబ్బరు సొరుగులోనే ఉంది.
ఇవాళ ఏప్రిల్ పదకొండు.
ఇంకా తియ్యలేదు.