మూడో తీగ

అప్పు చేసి నూరు కార్డులు అచ్చేయించాను.
"న్సోనా, గిటార్" అని, కింద ఫోన్ నంబరు.
గోంబేలో, నది వైపు కిటికీలున్న హోటల్లో
రికార్డుల కంపెనీ పెద్దమనుషులకు
పెళ్లి శుభలేఖల్లా పంచాను.
ఒకాయన చదవకుండానే మడిచి
ఊగుతున్న బల్ల కోడు కింద దోపాడు.
బల్ల మటుకు కుదురుకుంది.

ఆ రాత్రి మతోంగేలో కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది.
జనరేటరు గురక మధ్య
అవతలి బృందం పాట మాంచి ఊపులో ఉండగా
ఎసెంగో గిటారు మూడో తీగ టప్పున తెగింది.
నిజం చెప్పొద్దూ, నాకు లోపల చక్కిలిగింత.
నెల రోజులుగా మా బేరాలు తన్నుకుపోతున్న చేతులవి.
నా జేబులో కొత్త తీగ ఉంది,
పది పూటల ఫూఫూ ముద్ద మానుకుని కొన్నది.
ఎందుకిచ్చానో ఇప్పటికీ చెప్పలేను.
పాట సగంలో ఆగిపోతే
చిందేస్తున్న ఆ లావుపాటి నర్సమ్మ
ఎత్తిన కాలు ఎక్కడ దించుకుంటుందీ అనిపించింది, అంతే.

అతను థాంక్స్ అనలేదు.
ఎనిమిది నెలలు ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాత ఒక వాన పొద్దున ఫోను:
"తీగ ఇచ్చిన పిల్లవి నువ్వేనా?"

తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు.
నా డొంకకు బద్ధకం ఎక్కువ.
బందాల్ స్టూడియోలో మొదటి నెలంతా
కేబుళ్లు చుట్టాను, ఖాళీ సీసాలు మోశాను,
డ్రమ్ముల మబియాలా వాళ్లమ్మకి
బీపీ మాత్రలు తెచ్చిపెట్టాను.
రెండో నెలలో నాలుగు నిమిషాలు వాయించాను.
అట్ట మీద నా పేరు తప్పు పడింది.

ఇప్పుడు నా ఫోన్లో పేర్లిలా ఉంటాయి:
"సౌండ్ కితోకో, ఎడమ చెవి వినపడదు, కుడివైపు నిలబడు."
"బాస్ మతొండో, బాకీ అడగడు, అందుకే ముందిచ్చెయ్."
"బొలుంబు, నిర్మాత భార్య. అసలు నిర్మాత."
మిగిలిపోయిన కార్డుల వెనక
ఎవరు ఏ శ్రుతిలో పాడతారో రాసుకుంటున్నాను.

ఇదిగో, ఇప్పుడు, విక్త్వార్ చౌరస్తాలో
పదహారేళ్ల కుర్రాడొకడు, వేలికి నెత్తురు,
సైకిలు బ్రేకు వైరు బిగించిన గిటారు,
"అక్కా, మూడోది ఉందా?" అంటున్నాడు.

ఉంది. ఒక్కటే.
రేపు నది దాటి బ్రాజావిల్‌లో నా కచేరీ.

జవాబు కోసం ఆగకుండా
ఉన్న అయిదు తీగల మీదే మొదలుపెట్టాడు.
నాకన్నా బాగా వాయిస్తున్నాడు, వెధవ.
చెయ్యి జేబులోకి పోయింది.
ఇంకా బయటికి రాలేదు.