సుడి

కుర్రాడి పేరు సవేలీ. నొవ్గొరొద్ నుంచి బస్సులో వచ్చాడు.
ఉన్ని మేజోడులోంచి తీసి బల్ల మీద పెట్టాడు
యాభై ఎనిమిది మిల్లీమీటర్ల లెన్సు.
"బామ్మా, ఇది తిరగట్లేదు,
లోపల గ్రీజు గట్టిపడిపోయింది."

నలభై ఏళ్ళు దాటితే ఎవరికి గట్టిపడదు నాయనా,
నా మోకాళ్ళనడుగు.

వాల్దాయ్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు
నేను తయారుచేసిందేమీ లేదు.
కాదనడమే నా ఉద్యోగం.
నల్ల పరదా, ఒక బల్బు,
గోడ మీద గీతల పటం.
గాజులో బుడగలుంటే పోనిమ్మన్నారు.
కాస్త సుడి తిరగడం దీని పుట్టుకలోనే ఉంది,
అదీ పోనిమ్మన్నారు.
హద్దు దాటి గిర్రున తిరిగిందా,
సూది తీసుకుని గొట్టం లోపలి అంచున
ఇంటూ గుర్తు, పిట్ట కాలంత.
గుర్తు పడ్డది మళ్ళీ కొలిమికే.

"ఆ సుడి కోసమేగా కొన్నాను!" అంటాడు వీడు.
జపాను కెమెరాకి రింగొకటి బిగించి
దీన్ని తగిలించి సినిమా తీస్తాడట.
కొత్త లెన్సులు మరీ శుభ్రంగా చూస్తాయట,
డ్యూటీ దిగబోయే నర్సులా.
ఇంకొందరైతే ముందుగాజు ఊడదీసి
తిరగేసి బిగిస్తారట,
తప్పు ఇంకాస్త పెరగాలని.

నవ్వాను. నవ్వి నవ్వి దగ్గొచ్చింది.
ఇరవై రెండేళ్ళ జీతం తిరిగిచ్చెయ్యాలేమో ఇక.

కిటికీ తెరిచి, పెట్రోలులో గుడ్డ ముంచి
మరలు ఒక్కొక్కటే విప్పాను.
పాత తేనెలా గ్రీజు.
విప్పేముందు పెన్సిలుతో గీత పెట్టుకోవాలి,
ఈ మరకి దారులు చాలా,
ఒక్కటి తప్పినా
దగ్గరివన్నీ కనిపిస్తాయి, అనంతం మాత్రం అందదు.

అప్పుడు చూశాను.
పేరున్న రింగు మీద నంబరు లేదు.
లోపలి అంచున పిట్ట కాలు.

అర్కాదీ.
తలలో రెండు సుడులు వాడికి,
అదృష్టజాతకుడివిరా అని అందరూ ఏడిపించేవాళ్ళు.
డెబ్బై తొమ్మిది మార్చి, నెలాఖరు.
తలుపు దగ్గర టోపీ నలుపుతూ నిలబడ్డాడు.
"ఈ ఒక్కటీ వదిలెయ్యి కాపా,
బోనసొస్తే పిల్లకి బూట్లు కొనాలి."
గీత గీశాను.
సూది కిర్రుమన్న చప్పుడు
ఇప్పటికీ పళ్ళలో ఉంది.

కొలిమికి పోలేదన్నమాట.
గేటు దగ్గర జేబులన్నీ తడిమేవాళ్ళే,
ఏ రొట్టెని తొలిచి
మెత్తటిదంతా తినేసి
ఇందులో దాచాడో.

"ఎవరమ్మారు నీకిది?"
"సంతలో ఒకావిడ. వాళ్ళ నాన్నదట."
"ఆమె కాళ్ళకి ఏమున్నాయి?"
సవేలీ తెల్లబోయాడు.
చూడలేదన్నాడు.
కెమెరా పట్టుకు తిరుగుతావు, ఆమాత్రం చూడలేదూ!

టీ చల్లారింది. పెన్సిలు గీత చూసుకుని
కొత్త గ్రీజు రాసి బిగించాను.
రింగు వేళ్ళ కింద జారింది,
తప్పిపోయి ఇంటికొచ్చిన పిల్లిలా, చప్పుడు లేకుండా.

నన్ను సరస్సు ఒడ్డున బిర్చి చెట్లలో నిలబెట్టాడు.
తలగుడ్డ సర్దుకోనివ్వలేదు.
తర్వాత చిన్న తెర నా ముందు పెట్టాడు.
నడిమధ్య నా ముఖం,
ఒక్క ముడతా దాచకుండా.
చుట్టూ ఆకులు, ఆకుల సందుల్లో వెలుగు చుక్కలు
అంచులకి పోయేకొద్దీ బాదంపప్పులై సాగి
నా తల చుట్టూ తిరుగుతున్నాయి.

అలవాటు కొద్దీ నేను అంచులే చూశాను.
ఎడమవైపు పైమూల,
హద్దు దాటింది. స్పష్టంగా దాటింది.
చెయ్యి దానంతటదే ఏప్రాన్ జేబులోకి
సూది కోసం పోయింది.

"ఎలా ఉంది బామ్మా?"

తప్పే, అన్నాను.
ఏదీ, ఇంకోసారి వెయ్యి.