అర ఇంచు

నేను టర్నర్ని.
ఐటీఐ సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి
గ్రీమ్స్‌పేట ఇంట్లో గోడకు కొట్టాను.
దాని కిందే మా మొగిలమ్మ కుట్టుమిషను.

ఇరవై ఆరేళ్లు లేతు మీద ఇనుము చెక్కాను.
వెంట్రుకలో సగం తేడా వచ్చినా
పనికిరాదని పక్కన పడేసిన చెయ్యి ఇది.
ఇంట్లో ఆమె ఏం చేస్తుందని ఎవరన్నా అడిగితే
"ఊరికే ఉండలేక రైకలు కుడతాది లే"
అనేవాణ్ణి.

ఫ్యాక్టరీకి తాళం పడ్డాక
ఒక ముసురు మధ్యాహ్నం ఆమెకు జ్వరం.
రైకకు చేతులెక్కించేది ఒక్కటే మిగిలింది.
"ఇదేం పెద్ద పని, నేనెక్కిస్తా" అన్నాను.

కొలిచాను. చంక గుండ్రం పదహారు.
చెయ్యి పైవంపు పదహారున్నర.
"తప్పు కోసినావు మే" అన్నాను,
తప్పు పట్టిన సంతోషంతో.

దుప్పట్లోంచే నవ్వింది.
"తప్పు గాదు. ఆ అర ఇంచు లేకుంటే
మనిషి చెయ్యి పైకెత్తేదెట్ల?
ముడత పడకుండా దాన్ని తినిపించాల."

తినిపించాలంట!
మూడుసార్లు కుట్టి మూడుసార్లు విప్పాను.
ఇనుము బిగించినచోట ఉంటుంది.
గుడ్డ ఉండదు.
నిలువు లాగితే ఒక మాట, అడ్డం లాగితే ఒక మాట,
ఏటవాలుగా లాగితే ఏ మాట మీదా నిలవదు.
పట్టు జారుతుంది.
తడపని లైనింగు తొలి ఉతుకుకే పగ తీర్చుకుంటుంది.
దీనికి లెక్కల పట్టీ
ఏ పుస్తకం వెనకాలా అచ్చువెయ్యలేదు.

పొద్దుగూకే వేళ లేచి కూర్చుంది.
చెయ్యి కిందికి, రైక పైకి తిప్పి పెట్టింది.
మిషను పళ్లు కింది గుడ్డను
పై గుడ్డ కంటే రవ్వంత ఎక్కువ మింగుతాయంట.
ఆ పళ్లు బిగించింది నేను.
నెలనెలా నూనె పోసేది నేను.
వాటి ఆకలి మాత్రం ఆమెకే తెలుసు.

తొక్కింది. వేలి కొసతో ఆపి, వదిలి, ఆపి.
ఒక్క కుచ్చు లేదు.
అర ఇంచు ఎటు పోయిందని వెతికాను.
భుజం కాని భుజమొకటి
గుడ్డలో గుండ్రంగా లేచి ఉంది.

ఆ రైక సంపూర్ణ టీచరుది.
ఆమె ఎడమ భుజం వేలు మందం కిందికి.
ఆ సంగతి ఆమెకే తెలీదు.
పదకొండేళ్లుగా మొగిలమ్మ
ఆ వైపు వేరే కోత కోస్తోంది, చెప్పకుండా.
అద్దంలో సమానంగా నిలబడి
అటూ ఇటూ తిరిగి చూసుకుని
టీచరు అంది కదా:
"ముప్పై తగ్గించుకో మొగిలమ్మా,
ఊరికే కుట్టేదే గదా."
ఇరవై తగ్గించింది.

ఫ్రేము నేను దించలేదు.
అంత మంచివాణ్ణి కాను.
ట్రంకుపెట్టెలోంచి నా వెర్నియరు తీసి తుడిచి
ఆమె టేపు పక్కన పెట్టాను.
అటు తిప్పి, ఇటు తిప్పి,
దాని దవడలు తెరిచి మూసి చూసింది.
"వంకరబోయిన కొక్కేలు
దీంతో నొక్కుకోవచ్చా?" అంది.