నేరుగా అంటే పైకి కాదు

పారిస్ కార్నర్‌లో పదకొండు రోజులు
ఒక గొడుగు, ఒక అట్ట, దారంతో కట్టిన పెన్సిలు.
నడిచేవాళ్లు ఎక్కడ ఆగి దారి అడుగుతారో
పటం మీద అక్కడ ఒక చుక్క పెట్టాలి.
అదే ఉద్యోగం.

మొదటిరోజు పొద్దుగూకేసరికి
బెల్లం ముక్కకి చీమలు పట్టినట్టు
చుక్కలన్నీ ఒకే చోట:
తాళంచెవుల మునిరత్నం బల్ల దగ్గర.

బల్ల పక్కనే ఉంది కార్పొరేషన్ బోర్డు
పదకొండడుగుల ఎత్తున
లారీ డ్రైవరు కంటికి సరిగ్గా.
దాని నీడలోనే నిలబడి అడుగుతారు,
'అన్నా, బీచ్ స్టేషన్ ఎటు?'
మునిరత్నం ఆకురాయి ఆపడు.
గడ్డంతో చెబుతాడు.
గడ్డం ఎడమకైతే స్టేషను,
కుడికైతే హైకోర్టు,
కాస్త ఎత్తి వదిలేస్తే
ఇంకా ముందుకు పో, అక్కడ మళ్లీ అడుగు అని.

'రోజుకెంతమంది?' అన్నాను.
'తాళాలకు పదిమంది. దార్లకు లెక్క లేదు.
దార్లకు గూడా దుడ్లు తీసుకొనుంటే
ఈ బల్లకు ఈపాటికి షట్టరుండేది.'

బోర్డు మీది ఊరు వేరు, నోట్లోని ఊరు వేరు.
అండర్సన్ వీధి అని రాసుంటుంది,
అండర్సన్ ఎవరికీ అక్కర్లేదు,
పెళ్లిపత్రికలు ఎక్కడ కొడతారు అంటారు.
ప్రకాశం సాలై అని రాసుంటుంది,
బ్రాడ్‌వే అంటేనే ఆటో కదులుతుంది.
మన పంతులుగారు పాపం
ఎండలో రేకు మీద నిలబడే ఉన్నారు.

ఏడోరోజు కొత్త బోర్డు నిలబెట్టారు, పరీక్షకి.
మనిషి ఎత్తున, మంచం బొమ్మ, పక్కన ప్లస్ గుర్తు,
కింద పొడుగాటి బాణం, నేరుగా.
ఇంజనీరు కదిరవన్ దాన్ని
చేతిరుమాలుతో తుడిచి మరీ వెళ్లాడు.

చెంగమ్మది సూళ్లూరుపేట.
ఏ రైలో తెలీక ఎక్కి బీచ్‌లో దిగింది.
చంకలో వైరుబుట్ట, చేతిలో స్కాను కవరు.
మంచం బొమ్మ ఆమెకి తెలిసింది.
బాణం చూసింది. తలెత్తింది.
పైన కరెంటు తీగెలు, ఆరేసిన లుంగీ,
నాలుగో అంతస్తులో ఎవరో ఆడిటరు ఆఫీసు.
'పెద్దాసుపత్రి పైనుండాదా మా?
మెట్లు యాడుండాయి?'

నవ్వొచ్చింది నాకు.
ఆ నవ్వు ఇప్పటికీ గొంతులో ఎక్కడో గుచ్చుకుంటుంది.
కాగితం మీద ముందుకి అంటే పైకి,
అది బళ్లో నాకు ఎవరో నేర్పారు, ఎప్పుడో మర్చిపోయాను.
పటం పట్టని చేతికి
పైకి అంటే పైకే.

గొడుగు మునిరత్నానికి అప్పజెప్పి ఆమెతో నడిచాను.
నా లెక్కలో ఇరవై నిమిషాలు.
ఆమె మోకాళ్ల లెక్కలో యాభై రెండు.
మూడుచోట్ల కూర్చుంది:
మూసిన స్టీలుసామాన్ల కొట్టు మెట్టు,
లేచిపోయిన పేవ్‌మెంటు రాయి,
జ్యూసు బండివాడు జరిపి ఇచ్చిన పాలడబ్బా.
ఆ మూడూ పటంలో గుర్తు పెట్టాను, చిన్న చతురస్రాలతో.
ఆసుపత్రి గేటు దగ్గర
'నీకు గూడా ఈడేమన్నా పనుండాదా?' అంది.
ఉందన్నాను.

రిపన్ బిల్డింగులో కదిరవన్
చతురస్రాలు చూసి కళ్లద్దాలు తీశాడు.
'ఇది బోర్డుల రిపోర్టమ్మా, బల్లలది కాదు.'
బాణం మాత్రం మార్చాడు.
ఇప్పుడది నడిచే పాదాల బొమ్మలోంచి మొదలవుతుంది.
మీటర్ల పక్కన నిమిషాలు వేశాడు, నా ఇరవై.
ఎన్నిసార్లు చెప్పినా అవి నా నిమిషాలే.

మొన్న అటుగా వెళ్లాను.
మునిరత్నం కొత్త బోర్డు స్తంభానికి
తాళంచెవుల గుత్తి తగిలించుకున్నాడు, గాలికి మోగుతోంది.
కాలేజీ కుర్రాడొకడు వచ్చి
బోర్డు ముందు నిలబడి అక్షరం అక్షరం చదివాడు,
మూడు భాషల్లోనూ.
తర్వాత బల్ల వైపు తిరిగి
'అన్నా, ఇది నిజమేనా?'

మునిరత్నం గడ్డం ఒక్కసారి కిందికి ఆడింది.
కుర్రాడు వెళ్లిపోయాడు.

పెన్సిలు సంచిలోనే ఉంది.
దీనికి చుక్క పెట్టాలో వద్దో
నాకు తెలియలేదు.