మోకు

శిక్షణ గదిలో తెర మీద శాల్మన్ చేపలు ఎగిరేవి,
జలపాతానికి ఎదురు, ఒంటి బలమంతా తోకలో పెట్టి.
నేను నోటుబుక్కులో రాసుకున్నాను:
మెట్టు ఎత్తు ఒక అడుగు,
మెట్టు కింద మోకాలి లోతు మడుగు,
చేప ఊపు తీసుకోడానికి.

ఆ కొలతలే చంపావతి దాకా మోసుకొచ్చాను.
కంచరవలస ఎగువన ఊటగెడ్డ ఆనకట్టకి
తొమ్మిది సిమెంటు మెట్లు.
విజయనగరంలో ఏఈ గారి బల్ల ముందు
పదకొండుసార్లు నిలబడితే దొరికిన సంతకం,
ఇసుక లారీవాడితో తగువు,
మస్తరు రోలులో వేలిముద్రలు,
"కట్టకి కన్నం పెడితే మా మడి ఎవులు తడుపుతారు?" అని
గట్టు మీద అడ్డంగా కూచున్న గేదెల అప్పలసూరి.
అతనొక్కడి కోసం మూడు గ్రామసభలు.

ఆషాఢంలో ఎర్రనీళ్లొచ్చాయి.
మెట్ల మీంచి అందంగా దిగాయి.
ఫొటోలు బాగా వచ్చాయి.
చేప రాలేదు.

కోనాడ నుంచి సూరాడ దానమ్మని పిలిపించాను,
ఏటిమొగలో వల విసిరి చేతులు కాయలు కాసిన మనిషి.
మెట్లకేసి చూసి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.
"మలుగు గెంతుతాదేటమ్మా?
అది పాకుతాది.
ఇంత నున్నగా అలికీసినారు,
దేన్ని పట్టుకోని ఎక్కాల అది?"

మలుగు.
శాల్మన్‌కి తిరకాసు బతుకు దానిది.
సముద్రంలో పుడుతుంది, ఎక్కడన్నది ఏ వలకీ తెలీదు.
గాజు సూదిలా, లోపలి నెత్తుటి దారం కనిపించేంత పల్చగా
ఏటిమొగలో దూరుతుంది.
గెడ్డలంట, కాలవలంట, తడిసిన గడ్డిలోంచి కూడా
ఎగువకి, ఇంకా ఎగువకి.
ఏ ఊటబావిలోనో రాయి కింద
ఏళ్లకేళ్లు మొండిగా బతికి
ఒక్కసారే దిగుతుంది, కనడానికి, చావడానికి.
మధ్యలో మనం గోడ కట్టాం.
గోడకి నేను మెట్లు కట్టాను,
వేరే నది చేప కోసం.

దానమ్మ మనవడు మోకు తెచ్చాడు.
కొబ్బరి పీచు మోకు, తెప్ప లాగి లాగి పోగులు లేచినది.
కట్ట కొసన రాయికి ముడేసి వదిలాం,
సన్నటి ధార దానంటే దిగేలా.
ఖర్చు: ఇద్దరి బస్సు చార్జీలు, మూడు టీలు.
పద్దెనిమిది లక్షల మెట్ల పక్కన
తడిసిన జడలా వేలాడింది.

మూడో రాత్రి, టార్చికి ఎర్రకాగితం చుట్టి కూచున్నాం.
కప్పలు, దోమలు, నెల్లిమర్ల వైపు ఎక్కడో రైలు.
ఒంటిగంట దాటాక పీచు కదిలింది.
అగ్గిపుల్లంత.
ఎక్కి, జారి, పోగుని ఒంటితో చుట్టి,
ఆగి,
మళ్లీ ఎక్కి.
దానమ్మ నా మణికట్టు పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా.
తెల్లారేసరికి పదిహేడు.

నివేదికలో గడి: లబ్ధిదారుల సంఖ్య.
పదిహేడు అని రాశాను.
ఫోనొచ్చింది. కుటుంబాలా?
కాదన్నాను.
"అయితే ఒక్కోదానికి లక్ష పైనే పడిందా మేడం?"
ఇంకో గడి ఉంది:
నేర్చుకున్న పాఠాలు, యాభై పదాలకు మించరాదు.
దాన్ని నాలుగు రోజులు ఖాళీగా ఉంచాను.

మార్చికి ప్రాజెక్టు ముగిసింది.
మోకు ఏడాదికి మించి ఆగదు.
మోకుకి పద్దు లేదు.

ఆషాఢంలో సెలవు పెట్టి, సొంత టిక్కెట్టు మీద వెళ్లాను.
మోకు సగానికి తెగి ఉంది.
తెగిన చోట కొత్త ముడి,
ముడి కింద గోగునార పలుపు,
ఆవు మెడ రాసుకుని ఒకచోట నున్నబడినది,
చివర చిన్న గంట ఊడదీయకుండానే.
నీళ్లలో అది మోగడం లేదు.

గట్టు మీద అప్పలసూరి. లేవలేదు.
"మడి తడుపుకోడానికొచ్చినాను," అన్నాడు
నేనేమీ అడగకముందే.
"మా ముత్తాతలూ ఈ గెడ్డంటే ఎక్కొచ్చినారంట.
అందుకే వలసన్నారు ఊరిని."
బీడీ ఆరిపోయేదాకా ఊరుకున్నాడు.
"రాత్రి నలబై దాకా లెక్కెట్టినాను.
ఆపైన కునుకొచ్చీసినాది."