చుట్టుకు రెండు తోపులు

రాత్రి రెండున్నర. పెందుర్తి దాటాక
రెండు మీటర్ల కాంక్రీటు గోడకి అవతల ఉంటుంది అది.
హోరెత్తుతుందా అని అడుగుతారు అందరూ.
లేదు. చన్నీళ్ళ గొట్టాల్లో చిన్న రొద,
వాన వెలిశాక చూరులాగా.

నా పని కుర్చీలో కూర్చుని అంకెలు చూడటం.
పైనొక అయస్కాంతం, కిందొకటి, మధ్యలో గాలి కూడా లేని సందు.
హైడ్రోజన్‌కి ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ తగిలించి
తిరగలి కన్నులో గింజ వేసినట్టు
నడిమధ్యన వదులుతాం.

మా అమ్మ నూకరత్నం
బీచిలో రంగులరాట్నం తోసేది.
ఆరు చెక్క గుర్రాలు, ఒకదానికి చెవి లేదు.
అటు నాన్న, ఇటు తను. మోటారు లేదు.
"బలమంతా ఒక్కపాలి ఎడితే పిల్లలు పడిపోతారే.
గుర్రం ఎదరకొచ్చినప్పుడే సెయ్యెయ్యాల.
ముందేత్తే ఆగిపోద్ది, ఎనకేత్తే అందదు."

తర్వాత యూనివర్సిటీలో సారు
బోర్డు మీద గుండ్రటి డబ్బా గీసి నిలువునా సగానికి కోశారు.
"అయస్కాంతం ఏ పనీ చెయ్యదు" అన్నారు. నవ్వాం.
నిజమే. అంత ఇనుము, అన్ని ఆంపియర్లు తాగి
రవ్వంత వేగం ఇవ్వదు.
దారి వంచుతుంది,
వంచి మళ్ళీ అదే చీలిక దగ్గరికి తెస్తుంది.
తోసేది చీలిక.
కణం సగం డబ్బాలో అరచుట్టు తిరిగొచ్చేలోపు
ప్లస్సు మైనస్సు తారుమారు.
సెకనుకి కోట్లసార్లు మాట మార్చే రాగిరేకులు,
వాటి నిజాయితీ మీదే మా జీతాలు.

అమ్మ రాట్నంతో ఒక్కటి కుదరదు.
చెక్క గుర్రం ఎన్ని తోపులు తిన్నా తన కమ్మీ దగ్గరే.
ఇది తోపు తిన్నకొద్దీ వెడల్పుగా తిరుగుతుంది,
దూరం పెరుగుతుంది, వేగం పెరుగుతుంది,
చుట్టుకి పట్టే టైము మాత్రం మారదు.
లోపలి బుల్లి చుట్టుకెంతో అంచు చుట్టుకీ అంతే.
ఇది నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.
లెక్క చేసి చూపించమంటే చూపిస్తాను. నమ్మబుద్ధే కాదు.

అంచుకొచ్చేసరికి వెలుగు వేగంలో ఏడో వంతు.
అక్కడొక బొగ్గురేకు, ఉల్లిపొర దానికంటే మందం.
దూరినప్పుడు ఎలక్ట్రాన్లు రెండూ ఊడిపోతాయి.
ఇంతసేపూ తిప్పుకున్న అయస్కాంతమే
ఎదురువైపు వంచి సాగనంపుతుంది.

అరచెంచాడు బరువు నీళ్ళు కాసుకుని ఉంటాయి.
తగిలితే ఆక్సిజన్ ఫ్లోరిన్ అవుతుంది.
నూట పది నిమిషాలకి అందులో సగం ఉండదు.
మరో నూట పదికి, మిగిలినదాంట్లో సగం.

చక్కెరకి అంటించి, సీసం డబ్బాలో పెట్టి
సూరాడ ఎల్లాజీ చేతికిస్తారు.
వేపగుంట, గోపాలపట్నం, ఎన్‌ఏడీ,
తాటిచెట్లపాలెం, మద్దిలపాలెం.
లారీ అడ్డొస్తే అతననే మాటలు ఇక్కడ రాయను.
ఇదివరకు హార్బరు నుంచి ఐసు చేపల వ్యాను తోలేవాడు.
"సేప సచ్చినాక పాడవుద్ది మేడం,
ఇది బతికుండగానే పాడవుద్ది."

అరిలోవలో, రాత్రి నుంచి ఏమీ తినకుండా
లాలం గంగునాయుడు. నేను చూడలేదు. ఎల్లాజీ చెప్పాడు.
షిప్‌యార్డు వెల్డరట,
ముప్పై ఏళ్ళు ఓడల కడుపుల్లో దూరి అతుకులేశాడట.
"నా కడుపులో ఏ అతుకు ఊడిందో సూత్తారంట" అన్నాడట.
ఆ చక్కెర ఆయన నెత్తుట్లో తిరిగి
ఆకలి ఎక్కువున్న చోట ఆగుతుంది,
ఆగిన చోట వెలుగుతుంది.
వెలగకపోతే బావుణ్ణు.
రాత్రంతా మేలుకుని తోసి తోసి పంపి
వెలగకూడదని కోరుకోవడం
ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

ఆరున్నరకి బస్సెక్కాను.
కొండ పక్కన మలుపు తిరుగుతుంటే అమ్మ ఫోను.
"రాతిరంతా ఏటి సేసినావే?"
"నువ్వు చేసిందే" అన్నాను.
కాసేపు మాట లేదు. తర్వాత అడిగింది,
"గుర్రాలెన్నే?"